లిఫ్టు పక్క నోటీసులో ఎర్ర పెన్ను: ‘టు ఇన్‌ఫార్మ్ దట్’ తప్పేనా?

నాగావళిగట్టు:
శ్రీకాకుళంలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన సెక్రటరీగారు ఒక నోటీసు అంటించారు. ‘దిస్ ఈజ్ టు ఇన్‌ఫార్మ్ దట్ వాటర్ విల్ నాట్ కమ్ టుమారో’. సాయంత్రానికి ఎవరో ఎర్ర పెన్నుతో ‘ఇన్‌ఫార్మ్’ పక్కన బాణం గుర్తు వేసి ‘ఆల్ రెసిడెంట్స్’ అని ఇరికించారు. కింద రెండు గీతలు కూడా గీశారు. సెక్రటరీగారు అప్పట్నుంచి ముభావంగా తిరుగుతున్నారు. ఇంతకీ అది తప్పా? నేను ఆఫీసులో రోజుకు పది మెయిళ్ళు అలాగే కొడతాను.

గంటస్తంభం:
తప్పే. విజయనగరం దగ్గర హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ‘సే’, ‘థింక్’, ‘నో’, ‘హోప్’, ‘ఎన్‌ష్యూర్’ లాంటి క్రియలకు ముందు ‘టు’ ఉన్నా లేకపోయినా, వెనక నేరుగా ‘దట్’ తగిలించవచ్చు. ‘ఐ వాంట్ టు సే దట్’ అంటే ఏ ఇబ్బందీ లేదు. ‘టెల్’, ‘ఇన్‌ఫార్మ్’, ‘రిమైండ్’, ‘కన్విన్స్’ వేరే జాతి. వీటి పక్కన మొదట ఒక మనిషి రావాలి, ఆ తర్వాతే ‘దట్’. ‘టు ఇన్‌ఫార్మ్ యూ దట్’. ఎర్ర పెన్ను ఎవరిదో గానీ, చెయ్యి తిరిగిన పెన్నే.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
34 ఏళ్ళు డ్రాఫ్టులు రాశాను. ‘ఐ యామ్ డైరెక్టెడ్ టు ఇన్‌ఫార్మ్ దట్’ అని మొదలుపెట్టిన కాగితాలు పేరిస్తే మీ స్కూలు బీరువా చాలదు. ఒక్కటీ వెనక్కి రాలేదు. మాస్టారూ, ఉత్తరం పైన ‘టు, ది తహసీల్దార్’ అని రాసే ఉంటుంది కదా? మనిషి అక్కడ నిలబడే ఉన్నాడు. మళ్ళీ కిందికి లాక్కురావడం దేనికి?

గంటస్తంభం:
చిరునామా వేరు, వాక్యం వేరు. ‘డైరెక్టెడ్ టు సే దట్’ అని రాసుంటే మీకూ నాకూ పేచీ ఉండేది కాదు. ‘సే’కి మనిషి అక్కర్లేదు.

బేగిరా:
నీళ్ళు వచ్చాయా, రాలేదా?

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
పైన ‘టు’ ఉంది. దానికి జవాబు చెప్పండి.

సువర్ణముఖి:
ఇద్దరూ కాసేపు ఆగండి. ఇది మన ‘అని’ చేసే పని. మా అమ్మ ‘రేపు నీళ్ళు రావని చెప్పారు’ అంటుంది. ఎవరికి చెప్పారో తెలుగులో చెప్పక్కర్లేదు. ‘చెప్పు’కీ ‘తెలియజేయు’కీ వినేవాడు లేకపోయినా నడుస్తుంది. దాన్నే ఇంగ్లీషులోకి దించితే ‘దే టోల్డ్ దట్’, ‘టు ఇన్‌ఫార్మ్ దట్’ వచ్చి కూర్చుంటాయి. ‘నాకు వెళ్ళాలని ఉంది’లోనూ ‘అని’ ఉంది, అందుకే మనవాళ్ళు ‘ఐ వాంట్ దట్ ఐ షుడ్ గో’ అంటారు. ఇంగ్లీషులో ‘వాంట్’ పక్కన ‘దట్’ నిలబడదు. ‘ఐ వాంట్ టు గో’, ‘ఐ వాంట్ హిమ్ టు గో’, అంతే.

అసలు ‘అని’ అంటే ‘అను’ క్రియలోంచి వచ్చిన మాట, అంటే పలికి అని. మాట పూర్తయ్యాక వెనక నిలబడుతుంది. ఇంగ్లీషు ‘దట్’ చెయ్యి చూపించే ‘అది’లోంచి వచ్చింది, మాటకు ముందు నడుస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి అనుకుంటే దెబ్బ తింటాం. నేను తిన్నాను కూడా. మా టీమ్ లీడ్ ‘నేను కాల్‌లోకి వస్తాను’ అన్నారు. తెలుగులో ‘నేను వస్తానని చెప్పారు’ అంటే అందరికీ అర్థమవుతుంది, వచ్చేది ఆయనే. నేను క్లయింటుకి ‘హీ టోల్డ్ దట్ ఐ విల్ జాయిన్’ అని రాశాను. వచ్చేది నేననుకుని వాళ్ళు నా కోసం అరగంట కూర్చున్నారు. నేను అప్పుడు ఆటోలో ఉన్నాను.

గంటస్తంభం:
బాగా చెప్పావమ్మా. ఇంకొకటి కలుపుతాను. ‘ఐ వాజ్ ఇన్‌ఫార్మ్‌డ్ దట్’ తప్పు కాదు, ఎందుకంటే సమాచారం అందుకున్న మనిషి ముందే ‘ఐ’గా వచ్చేశాడు. ఇక ‘టు థింక్ దట్ హీ వాజ్ మై స్టూడెంట్!’ అనేది ఉంది చూడండి, ముందూ వెనకా ఏమీ లేకుండా ‘టు’తో మొదలవుతుంది. మనం ‘వీడు నా దగ్గర చదివినవాడా!’ అని ముక్కున వేలేసుకుంటాం కదా, అది.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
అది ఎవరడిగారు?

కోటజంక్షన్:
మా అబ్బాయి లీవ్ లెటర్ ఇంకా ‘ఐ బెగ్ టు స్టేట్ దట్’ అనే మొదలవుతుంది. అదీ తప్పేనా?

గంటస్తంభం:
‘స్టేట్’కి మనిషి అక్కర్లేదు కాబట్టి వ్యాకరణం సరే. జ్వరం వచ్చినవాడు బతిమాలుకోవడం ఎందుకో నాకూ తెలియదు.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
మాస్టారూ, గిడుగు రామమూర్తిగారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం మాట్లాడేదే భాష అని ఆయన జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవమని మీ బళ్ళోనే పిల్లల చేత ఉపన్యాసాలు ఇప్పిస్తారు. ఆ మర్నాడు ఎర్ర పెన్ను తీస్తారు. ఇదేటి న్యాయం? ఇక్కడ మేమందరం ‘ఇన్‌ఫార్మ్ దట్’ అనే రాస్తాం. వాడుక అంటే అదే కదా?

గంటస్తంభం:
గిడుగువారి పేరు మీకు పనికిరాదు. ఆయన సవర భాష నేర్చుకున్నది ఆ గిరిజనుల నోట విని. తన తెలుగును వాళ్ళ మీద రుద్దలేదు. ఇంగ్లీషు ఎవరిదో వాళ్ళ నోట ‘ఇన్‌ఫార్మ్ దట్’ రాదు. మీ ఫైళ్ళ ఇంగ్లీషు ఎవరి నోటా పుట్టలేదు. ఒక కాగితం చూసి ఇంకో కాగితం రాశారు. మీలాంటివాళ్ళు రాసిన సర్క్యులర్లు చదివే మా పిల్లలు పాడవుతున్నారు.

సువర్ణముఖి:
మాస్టారూ, ఆ చివరి మాట వద్దండీ.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
ఉండనీ అమ్మా. ఇలాంటి మాట నాకు కొత్త కాదు. 2009లో మా ఆఫీసుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. మా పెద్దోడి వయసు. నా డ్రాఫ్టు తెప్పించుకుని, ఇద్దరు అటెండర్లు, ఒక కాంట్రాక్టరు ఎదురుగా ఉండగా, ఇదే ముక్క చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. గట్టిగా చదివాడు. ‘ఇన్‌ఫార్మ్ హూమ్?’ అని నవ్వాడు. కాంట్రాక్టరూ నవ్వాడు, వాడికి ఇంగ్లీషు ముక్క రాదు. తప్పని అప్పుడే తెలిసింది నాకు. తర్వాత రిటైరయ్యేదాకా కావాలనే అలాగే రాశాను.

బేగిరా:
అయ్యబాబోయ్.

గంటస్తంభం:
క్షమించండి. మీకు తెలియదనుకుని ఇంతసేపు పాఠం చెప్పాను.
నాదీ ఒకటుంది. విశాఖలో ఒక కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ‘ఐ వాంట్ దట్ మై స్టూడెంట్స్ షుడ్ స్పీక్’ అన్నాను. అవతల ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం తప్పు మాట్లాడానో వాళ్ళు చెప్పలేదు. తిరుగు బస్సులో భోగాపురం దాటాక నాకే వెలిగింది. నా పిల్లల్ని చూసి బయట ఎవడూ అలా చూసుకోకూడదని ముందు నేనే గీస్తున్నాను.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
గీయండి, నోటుబుక్కులో గీయండి. గోడ మీద ఎందుకు, నలుగురూ లిఫ్టు కోసం నిలబడే చోట?

గంటస్తంభం:
అది గీసింది నేను కాదండీ. నాది విజయనగరం.

రిటైర్డ్‌హెడ్‌క్లర్కు:
మొదటి పోస్టులో ‘చెయ్యి తిరిగిన పెన్ను’ అని మెచ్చుకున్నది మీరే.

గంటస్తంభం:
అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘ఇన్‌ఫార్మ్’ సంగతి మాత్రం తీసుకోను.

నాగావళిగట్టు:
ఇప్పుడే కిందికి వెళ్ళి చూసి వచ్చాను. నోటీసు అలాగే ఉంది. ‘టుమారో’ కింద ఎవరో పెన్సిల్‌తో తెలుగులో రాశారు: ‘ఏ రోజుకి రేపు? తేదీ వెయ్యండి. బిందెలు మూడు రోజులుగా నింపుకుంటున్నాం.’