పాత ఫైబర్ పడవను మొదటిసారి బాగుచేస్తున్నాను: వెనక పలక, అడుగు, రెసిన్ పని గురించి చర్చ

బాహుదా_గట్టు:
అందరికీ నమస్కారం. గంజాం జిల్లాలో సోనాపురం వైపు, బాహుదా సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, మా బంధువుల సరుగుడు తోటలో ఏళ్ళ తరబడి వెల్లకిలా పడి ఉన్న పదహారు అడుగుల ఫైబర్ పడవ ఒకటి నా చేతికి వచ్చింది. రంగు సున్నంలా చేతికి అంటుకుంటోంది. అణియం (పడవ ముందు కొన) దగ్గర సాలెగూడు లాంటి సన్నని పగుళ్ళు ఉన్నాయి. ఇంజను తగిలించే వెనక పలకను రెండు చేతులతో పట్టి ఊపితే కాస్త వంగుతోంది. కూర్చునే పెట్టెలు రెండూ ఉండవలసినదానికన్నా బరువుగా అనిపిస్తున్నాయి. మా ఊళ్ళో ఒక మిస్త్రీ పడవ మొత్తానికీ ఒక పొర మ్యాట్ (గాజు నూలు పరుపు) వేసి రంగు కొట్టేస్తే సరిపోతుందన్నాడు. ఆ మాట నిజమేనా? ఇంతకు ముందు నేను ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు.

గోపాలపురం_ఫైబర్:
బాబూ, రెసిన్ (మ్యాట్‌ను తడిపి గట్టిపడే జిగురు) డబ్బా ఇప్పుడే కొనవద్దు. ఫైబర్‌కు వయసు వల్ల జరిగే నష్టం తక్కువ. పాడయ్యేది దాని లోపల ఉన్న చెక్క, ఫోము, మేకుల రంధ్రాలు. నీళ్ళు లోపల ఉండగా పైన మ్యాట్ వేస్తే ఆ నీటిని మనమే లోపల బంధించినట్టు అవుతుంది. ముందుగా చిన్న సుత్తితో గానీ, రూపాయి బిళ్ళతో గానీ వెనక పలకను అంగుళం అంగుళం తట్టుకుంటూ రండి. గట్టి చోట ఖంగుమని వినిపిస్తుంది, కుళ్ళిన చోట మొద్దుగా ఉంటుంది. మొద్దుగా వినిపించిన చోట లోపలి వైపు నుంచి, బయటి పొర దాటకుండా, సన్నని డ్రిల్లు పెట్టి వచ్చే పొట్టును తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎండు చెక్క పొట్టు లేత రంగులో పొడిపొడిగా రాలుతుంది. నల్లగా తడిగా వచ్చి, పుల్లటి వాసన వేస్తే ఆ పలకను మార్చక తప్పదు.

అడుగు తడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రంగు గీకి ఫైబర్ బయటపెట్టిన చోట చదరపు అడుగు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గట్టిగా అతికించి ఎండలో వదిలేయండి. సాయంత్రానికి దాని లోపలి వైపు నీటి బిందువులు పడితే అడుగు ఇంకా ఆరలేదన్నమాట.

ఛత్రపురం_మాస్టారు:
గోపాలపురం వారు చెప్పిన దానికి ఒక మాట కలుపుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటినప్పుడూ మన ఒడ్డున దెబ్బతిన్న పడవలు చాలా ఉన్నాయి. పై పొరలో సాలెగూడు పగులు ఉంటే అది పై పొరకే పరిమితమా, లేక దెబ్బ వల్ల లోపలి పొరలు విడిపోయాయా అన్నది తేల్చాలి. చీకటి పడ్డాక, రంగు గీకిన చోట, లోపలి నుంచి టార్చి వేసి బయట నుంచి చూడండి. పొరలు విడిపోయిన భాగం చుట్టుపక్కల కన్నా వేరుగా, మచ్చలాగా కనిపిస్తుంది. అలాంటి చోట గ్రైండరుతో విడిపోయిన పొరల తెల్లదనం పోయే దాకా తియ్యక తప్పదు.

బాహుదా_గట్టు:
మీరు చెప్పినట్టు డ్రిల్లు పెట్టి చూశాను. వెనక పలక మధ్యలో వచ్చిన పొట్టు నల్లగా తడిగా ఉంది. ఇంజను బోల్టుల చుట్టూ మరీ ఎక్కువ. పై రెండు మూలల్లో మాత్రం పొడిగానే వచ్చింది. పాలిథిన్ కింద చెమ్మ కనబడలేదు. కూర్చునే పెట్టెకు కింద చిన్న రంధ్రం పెట్టగానే నీళ్ళు ధారగా వచ్చాయి. మూలలు బాగున్నాయి కాబట్టి మధ్య భాగం వరకే చెక్క మార్చవచ్చా?

గోపాలపురం_ఫైబర్:
అలా చెయ్యవద్దు. ఇంజను తోపుడంతా ఆ పలక మీదే పడుతుంది, అందులో అతుకు పెట్టడం మంచిది కాదు. మొత్తం తీయండి. బయటి ఫైబర్‌ను ముట్టుకోకుండా లోపలి పొరను మాత్రమే కోయాలి; అంచుల చుట్టూ రెండు మూడు అంగుళాల పట్టీని వదిలితే కొత్త పొరలు పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది. ఉలితో పాత చెక్కనంతా తీసి, గరుకు డిస్కుతో లోపలి ముఖం శుభ్రం చేసి, అసిటోనుతో తుడవండి. బరంపురం దుకాణంలో ప్లైవుడ్ అడిగేటప్పుడు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైయే అడగండి. ఐఎస్ 303 ముద్ర మామూలు వాడకానికి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పద్దెనిమిది మిల్లీమీటర్ల పలకలు రెండు అతికిస్తే చిన్న ఇంజనుకు కావలసిన మందం వస్తుంది. అంచులకు, కోసిన చోట్లకు రెసిన్ బాగా తాగించండి. నీరు ఎక్కేది ఆ పొరల చివరల నుంచే.

బోల్టు రంధ్రం విషయంలో చాలా మంది తొందరపడతారు. కావలసిన దానికన్నా పెద్ద రంధ్రం చేసి, చిక్కటి రెసిన్ ముద్దతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు బోల్టు సైజుకు మళ్ళీ డ్రిల్లు పెట్టాలి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క కాకుండా రెసిన్ ఉంటుంది.

రంభ_చిలికా:
చెక్క పనికి మామూలు పాలియెస్టర్ రెసిన్ కాకుండా ఎపాక్సీ రెసిన్ వాడితే మంచిది కాదా? చెక్కను ఎక్కువ గట్టిగా పట్టుకునేది అదే కదా.

ఛత్రపురం_మాస్టారు:
పట్టుకోవడంలో ఎపాక్సీదే పైచేయి, అందులో సందేహం లేదు. ఖరీదు చాలా ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగానే అంటుతుంది కానీ గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగ్గా పట్టదు. ఒకసారి ఎపాక్సీ వేసిన చోట తరువాత కూడా దానితోనే పోవాలి. పైగా మన దుకాణాల్లో దొరికే తరిగిన మ్యాట్‌లో నూలును పట్టి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రవానికే కరుగుతుంది. ఎపాక్సీలో అది కరగక మ్యాట్ బిరుసుగా మిగులుతుంది. చేపల పడవకు, మొదటిసారి చేసే వారికి, ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్ రెసిన్ చాలు. మామూలు ఆర్థో రకం కన్నా అది నీటిని బాగా తట్టుకుంటుంది. కారు షెడ్డులో వాడే పుట్టీని మాత్రం నీటి మట్టానికి కింద వాడకండి.

గోపాలపురం_ఫైబర్:
దీనికి నేనూ ఒప్పుకుంటాను, అయితే బాగా తడి తగిలే ఇంజను బోల్టుల చుట్టూ నింపేది ఎపాక్సీ అయితే మేలు. ఆ తరువాత అక్కడ పాలియెస్టర్ పొర వేసే అవసరం ఉండదు.

టెక్కలి_మెకానిక్:
రసాయనాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. రెసిన్ గట్టిపడడానికి కలిపే కోబాల్టును (వేగం పెంచేది), కెటలిస్టును (గట్టిపరిచేది) ఒకే గిన్నెలో నేరుగా కలపవద్దు, అది పేలిపోతుంది. ముందు కోబాల్టు రెసిన్‌లో బాగా కలవాలి (చాలా రెసిన్లలో కంపెనీయే కలిపి పంపుతుంది, డబ్బా చదవండి), ఆ తరువాతే కెటలిస్టు. కిలో రెసిన్‌కు కెటలిస్టు 10 నుంచి 20 గ్రాముల మధ్య ఉండాలి. గంజాం ఎండలో తక్కువ వైపు ఉంటేనే రోలరు తిప్పేంత సమయం దొరుకుతుంది; అయినా 10 గ్రాముల కన్నా తగ్గిస్తే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఒక విడతకు అర కిలోకు మించి కలపవద్దు. డబ్బాలో మిగిలిపోయిన రెసిన్ తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది, కాబట్టి వెడల్పు పళ్ళెంలో పలుచగా పోసి ఆరుబయట పెట్టండి. కెటలిస్టు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా మూత తీయవద్దు. గ్రైండింగ్ దుమ్ముకు ఎన్95 లాంటి దుమ్ము మాస్కు కావాలి, రెసిన్ ఆవిరికి కార్ట్రిజ్ (ఆవిరిని పీల్చుకునే డబ్బీ) ఉన్న మాస్కే కావాలి.

కొత్త చెక్కకు మొదటి పూత మధ్యాహ్నం వేడి తగ్గుతున్నప్పుడు వేయండి. పొద్దున వేస్తే ఎండ ఎక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూత అంతా బుడగలు లేస్తుంది. సాయంత్రం అయితే ఆ గాలి ముడుచుకుని రెసిన్‌ను లోపలికే లాక్కుంటుంది. వానాకాలపు తేమలో ఈ పని ముట్టుకోకపోవడమే మంచిది.

రంభ_చిలికా:
ఒక హెచ్చరిక. పెట్టెల్లో తడిసిన ఫోము తీసి థర్మోకోల్ కూరితే చవక అని అందరికీ తోస్తుంది, మన పక్క ఊళ్ళలో తెప్పలకు అదే వాడతారు కదా. పాలియెస్టర్ రెసిన్ తగిలితే థర్మోకోల్ కళ్ళముందే కరిగిపోతుంది. పోసుకునే పాలియూరిథేన్ ఫోము వేసి, పెట్టె అడుగున నీరు పోయే రంధ్రం, దానికి బిరడా పెట్టండి. పూర్తిగా మూసిన పెట్టె ఎన్నటికైనా నీటిని దాచుకుంటుంది.

బాహుదా_గట్టు:
అడుగున వెన్ను వెంట ఇసుకలో లాగిలాగి అరిగిపోయిన చోట ఫైబర్ నూలు కనిపిస్తోంది. అక్కడ ఒక చిన్న రంధ్రం కూడా ఉంది, దాని చుట్టూ మందం నాలుగు మిల్లీమీటర్లు. అక్కడ ఎలా చెయ్యాలి?

గోపాలపురం_ఫైబర్:
రంధ్రం చుట్టూ వాలుగా అరగదీయండి. మందానికి పన్నెండు రెట్లు వెడల్పు అని లెక్క. నాలుగు మిల్లీమీటర్ల మందానికి అన్ని వైపులా సుమారు 48 మిల్లీమీటర్లు. చూడ్డానికి మంచి భాగాన్ని కూడా పాడుచేస్తున్నట్టు అనిపించి చెయ్యి వెనకాడుతుంది, అయినా అంతా తీయండి. వెనక నుంచి అట్ట ముక్కకు పాలిథిన్ చుట్టి ఆన్చి, ముందు అన్నిటికన్నా పెద్ద మ్యాట్ ముక్క, దాని మీద కొంచెం చిన్నవి వేసుకుంటూ రండి. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లకు మించి రెసిన్ పోయకండి. ఎక్కువైతే బలం పెరగదు, పెళుసుగా మారుతుంది. ప్రతి పొరలోనూ రోలరుతో గాలి బుడగలు బయటికి తోయండి. వెన్ను వెంట మ్యాట్ మీద చదరపు మీటరుకు 600 గ్రాముల రోవింగ్ (మందపాటి గాజు నేత) ఒక పొర, దాని మీద మళ్ళీ మ్యాట్ వేస్తే ఇసుకకు ఆగుతుంది.

ఛత్రపురం_మాస్టారు:
ఇంజను కొనే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ బదిలీ సంగతి అడగండి. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై నిషేధం ఉంటుంది; మీరు దానికి దక్షిణాన ఉన్నా, పడవను ఉత్తరంగా తెచ్చే ఆలోచన ఉంటే తెలుసుకోవడం అవసరం.

టెక్కలి_మెకానిక్:
వెనక పలక ఎత్తు ఇప్పుడే తేల్చుకోండి. షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు) ఇంజనుకు 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్‌కు (పొడుగు కాలు) 20 అంగుళాలు. ప్రొపెల్లర్ పైన ఉండే చదును రేకు పడవ అడుగు మట్టానికి దాదాపు సమానంగా రావాలి. పలక అంతకన్నా ఎత్తయితే ప్రొపెల్లర్ గాలిని లాగుతుంది. పలకను అతికించాక ఎత్తు మార్చాలంటే మళ్ళీ కోయాలి.

బాహుదా_గట్టు:
పాత పలకను ఇప్పుడు కొలిస్తే 17 అంగుళాలు వచ్చింది, పై అంచు ఎవరో కోసినట్టు ఉంది. నేను చూసిన పాత ఇంజను షార్ట్ షాఫ్ట్. కాబట్టి కొత్త ప్లైవుడ్‌ను 15 అంగుళాలకే కోయించి, రెండు పక్కల మాత్రం ఎత్తుగా ఉంచుతాను. వెనక నుంచి అల ఎక్కితే నీరు లోపలికి రాకుండా ఇంజను ముందు అడ్డుగోడ కట్టాలనుకుంటున్నాను. దానికి కూడా ఇదే ప్లైవుడ్ వాడవచ్చా, లేక ఉత్త ఫైబర్ పొరలతోనే చేస్తే బరువు తగ్గుతుందా?

గోపాలపురం_ఫైబర్:
దానికి తొమ్మిది మిల్లీమీటర్ల ప్లై చాలు, రెండు వైపులా ఒక్కో మ్యాట్ పొర వేయండి. ఆ గోడకూ వెనక పలకకూ మధ్య చేరిన నీరు బయటికి పోవడానికి పలక కింది మూలల్లో రెండు గొట్టాలు పెట్టి, పలకలోంచి వెళ్ళే ఆ రంధ్రాల లోపలి అంచులకు కూడా బోల్టు రంధ్రాలకు చేసినట్టే చెయ్యండి.