రేటింగ్ పెరిగింది కానీ ఎఫెక్టివ్ డేట్ ఎగ్జామ్ రోజు నుంచి వేశారు. ఎవరైనా మార్పించుకున్నారా?

శ్రావణి_కిల్లీన్ · 2024 నవంబర్ 4

అందరికీ నమస్కారం. మావారు అమెరికా ఆర్మీలో పనిచేసి 2017లో బయటికొచ్చారు. మైగ్రేన్‌కి వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) ఇచ్చిన 30 శాతం వైకల్యం రేటింగ్ ఉండేది, నెలనెలా వచ్చే డబ్బు దాన్ని బట్టే. తలనొప్పులు బాగా ముదరడంతో 2023 జూన్ 12న ఆన్‌లైన్‌లో ఇంటెంట్ టు ఫైల్ (ఐటీఎఫ్, అంటే క్లెయిమ్ వేయబోతున్నామని ముందుగా చెప్పడం) పెట్టాం. రికార్డులన్నీ కూడగట్టుకుని 2024 ఏప్రిల్‌లో అసలు క్లెయిమ్, అంటే 526ఈజెడ్ ఫారం, పంపాం. ఆగస్టు 19న సీ అండ్ పీ ఎగ్జామ్, అంటే రేటింగ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష, అయింది. అక్టోబర్ చివర్లో లెటర్ వచ్చింది. 50 శాతం ఇచ్చారు. తీరా చూస్తే ఎఫెక్టివ్ డేట్ (కొత్త రేటింగ్ వర్తించే తేదీ) 2024 ఆగస్టు 19, ఎగ్జామ్ జరిగిన రోజు!

అంతకుముందు ఏడాదంతా ఆయన వారానికోసారి కర్టెన్లు మూసేసి, తలకి తడిగుడ్డ కట్టుకుని పడుకున్నారు. పిల్లల్ని పక్కింట్లో కూర్చోబెట్టేదాన్ని. అదంతా లెక్కలోకి రాదా? ఫోన్ చేస్తే "డాక్టర్ చూసిన తేదీ నుంచే ఇస్తారు" అన్నారు. నిజమేనా?

వాసు_నార్ఫోక్

శ్రావణి గారూ, ఆ మాట తప్పు. రేటింగ్ పెంపు తేదీకి ఫెడరల్ నిబంధనల్లో, 38 సీఎఫ్ఆర్ 3.400లో, విడిగా రూలుంది. క్లెయిమ్ అందడానికి ముందు ఏడాదిలోపు జబ్బు ముదిరిందని రికార్డుల్లో తేలితే, ఆ ముదిరిన తేదీ నుంచే ఇవ్వాలి. అలా తేలకపోతే మామూలుగా క్లెయిమ్ అందిన తేదీ. ఐటీఎఫ్ పెట్టిన ఏడాదిలోపు పూర్తి క్లెయిమ్ పంపితే ఐటీఎఫ్ తేదీనే క్లెయిమ్ తేదీగా లెక్క. మీరు గడువులోనే పంపారు.

ఎగ్జామ్‌లో డాక్టరు జబ్బు ఎంత ఉందో రాస్తారు. అది ఆ రోజే పుట్టిందని కాదు కదా. 2015లో స్వేన్ కేసులో వెటరన్స్ అప్పీళ్ల కోర్టు వినికిడి లోపం గురించి ఇదే చెప్పింది: చూడాల్సింది వినికిడి ఎప్పుడు తగ్గిందన్నది, పరీక్ష ఎప్పుడు జరిగిందన్నది కాదు.

డబ్బు సంగతి కూడా చూడండి. 2024లో ఒంటరి వెటరన్‌కి 30 శాతానికి నెలకు 524.31 డాలర్లు, 50 శాతానికి 1,075.16. చెల్లింపు ఎఫెక్టివ్ డేట్ తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది. అంటే మీకు 2023 జూలై నుంచి 2024 ఆగస్టు దాకా 14 నెలల తేడా రావాలి. ఆ 14 నెలల్లో మొదటి ఐదూ 2023 నాటి పాత రేటు. అయినా ఏడున్నర వేల డాలర్లు దాటుతుంది. భార్యాపిల్లల అలవెన్సు కలిపితే ఇంకా ఎక్కువ. దయచేసి వదిలేయకండి.

మెడిక్_సుధ

నాదొక మాట. ఎగ్జామ్ తేదీ ప్రతిసారీ తప్పు కాదు. అంతకుముందు రికార్డులన్నీ 30 శాతం స్థాయిలోనే ఉండి, 50కి తగ్గ లక్షణాలు మొదటిసారి ఎగ్జామ్‌లోనే కనిపిస్తే ఆ తేదీ నిలబడుతుంది. అందుకే అసలు పోరాటం "ఐటీఎఫ్ రోజుకే ఈ స్థాయి ఉంది" అని కాగితం మీద చూపించడంలో ఉంది.

మైగ్రేన్‌లో 30కి, 50కి తేడా తెలుసుకోండి. గత కొన్ని నెలల్లో సగటున నెలకోసారి మంచాన పడేసే నొప్పి వస్తే 30. అలాంటివి చాలా తరచుగా, చాలాసేపు వచ్చి సంపాదనకి తీవ్రంగా అడ్డుపడేలా ఉంటే 50. ఉద్యోగం పోనక్కర్లేదు, అడ్డుపడగలిగే స్థాయిలో ఉంటే చాలు. 2004లో పియర్స్ కేసులో కోర్టు ఇది తేల్చింది.

కాబట్టి 2023 నాటి న్యూరాలజిస్ట్ నోట్స్, ట్రిప్టాన్ (మైగ్రేన్) మాత్రలు ఎన్నిసార్లు రీఫిల్ చేయించారో ఫార్మసీ ప్రింటౌట్, ఆఫీసులో పెట్టిన ఎఫ్ఎంఎల్ఏ (అనారోగ్యానికి చట్టం ప్రకారం ఇచ్చే) సెలవు కాగితాలు, ఆయన రాసుకున్న తలనొప్పి డైరీ, ఇవి వెతకండి. మీరు భార్యగా కళ్లారా చూసింది కూడా స్టేట్‌మెంట్‌గా ఇవ్వొచ్చు. పైన రాశారే, కర్టెన్లు, తడిగుడ్డ, పిల్లలు పక్కింట్లో, అది సాక్ష్యమే. తేదీలతో రాయండి.

శ్రావణి_కిల్లీన్

థాంక్స్ అక్కా. న్యూరాలజిస్ట్ నోట్ దొరికింది. 2023 మే 9 నాటిది. "నెలకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి రోజంతా, పనికి వెళ్లలేకపోతున్నారు" అని స్పష్టంగా ఉంది. కానీ ఇది బయటి డాక్టరు దగ్గరిది, క్లెయిమ్‌తో పంపిన వాటిలో లేదు. వీఏ క్లినిక్‌లో జూన్ మొదటి వారం రాసిన నోట్‌లో కూడా దాదాపు ఇదే ఉంది. ఇప్పుడు ఏ ఫారం వేయాలి?

వాసు_నార్ఫోక్

హయ్యర్ లెవెల్ రివ్యూ (హెచ్ఎల్ఆర్), ఫారం 20-0996. అందులో కొత్త సాక్ష్యం ఏదీ చూడరు, ఉన్న ఫైల్‌నే సీనియర్ మనిషి మళ్లీ చదువుతారు. మీ ఐటీఎఫ్ ఫైల్లో ఉంది, వీఏ క్లినిక్ నోట్ వాళ్ల రికార్డే. ఇన్ఫార్మల్ కాన్ఫరెన్స్, అంటే రివ్యూ చేసేవాళ్లతో ఫోన్లో మాట్లాడే అవకాశం, అడగండి. ఫోన్లో రెండే విషయాలు చెప్పండి: ఐటీఎఫ్ తేదీ, జూన్ నోట్.

దళపతి_82

నేనైతే కొత్త సాక్ష్యంతో వేసే సప్లిమెంటల్ క్లెయిమ్ వేస్తాను, ఫారం 20-0995. మే నోట్ అంత గట్టి కాగితం చేతిలో పెట్టుకుని చూపించకుండా రివ్యూకి వెళ్లడం దేనికి?

మెడిక్_సుధ

ఇద్దరూ చెప్పింది సరైనదే, వరుస ముఖ్యం. ముందు హెచ్ఎల్ఆర్ వేసి తేదీ జూన్‌కి తెచ్చుకుని, తర్వాత మే నోట్‌తో సప్లిమెంటల్ వేయొచ్చు. ప్రతి నిర్ణయం తర్వాత ఏడాదిలోపు తర్వాతి అడుగు వేస్తూ పోతే మొదటి క్లెయిమ్ తేదీ చెక్కుచెదరదు. ఆ ఏడాది దాటితేనే ప్రమాదం.

హెచ్ఎల్ఆర్ వేస్తే ఉన్న 50 తగ్గించేస్తారేమో అని చాలామందికి టెన్షన్. కేవలం అభిప్రాయ భేదంతో తగ్గించడానికి వీల్లేదు. స్పష్టమైన, కాదనలేని పొరపాటు బయటపడితే తప్ప.

రిటైర్డ్_సార్జెంట్

ఏడాది దాటితే ఏమవుతుందో నా అనుభవం చెప్తాను. వెన్నునొప్పికి 2019లో 40 శాతం ఇచ్చారు, తేదీ ఆలస్యంగా పడింది. ఆ సమయంలో ఇంట్లో అమ్మ ఆరోగ్యం బాగోక ఇండియాలో ఉన్నాను, గడువు గడిచిపోయింది. 2022లో తేదీ మార్చమని అడిగితే కుదరదన్నారు. రడ్ కేసు 2006 నుంచి ఉన్న రూలు: నిర్ణయం ఖరారయ్యాక తేదీ ఒక్కదాని మీదే విడిగా క్లెయిమ్ చెల్లదు. మిగిలిన దారి క్యూ, అంటే ఆనాడే జరిగిన స్పష్టమైన పొరపాటు చూపించడం. అప్పుడు ఫైల్లో ఉన్న కాగితాలతోనే, అప్పటి చట్టంతోనే చూపాలి. ఆ పొరపాటు లేకపోతే ఫలితం తప్పకుండా మారేదని కూడా రుజువు చేయాలి. "సాక్ష్యాన్ని సరిగ్గా తూచలేదు" అంటే నిలబడదు. చాలా కష్టం తమ్ముడూ, చెల్లీ. లెటర్ రాగానే దానిపై ఉన్న తేదీకి ఏడాది కలిపి క్యాలెండర్‌లో రాసుకోండి.

వైజాగ్_వెటరన్

నేను నేవీ నుంచి రిటైరయ్యాక విశాఖకి వచ్చేశాను. బయటి దేశాల్లో ఉన్నవాళ్లకి ఒక జాగ్రత్త. ఐటీఎఫ్ కాగితం మీద పంపితే పోస్టులో వేసిన తేదీ కాదు, వాళ్లకి చేరిన తేదీ లెక్క. వీలైతే ఆన్‌లైన్‌లోనే పెట్టండి. లాగిన్ అయి అప్లికేషన్ మొదలుపెట్టగానే ఐటీఎఫ్ నమోదవుతుంది. ఆ కన్ఫర్మేషన్ పేజీ సేవ్ చేసుకోండి.

దళపతి_82

ఇంకోటి. ఒక ఐటీఎఫ్ ఒక్క పూర్తి క్లెయిమ్‌కే పనికొస్తుంది. మా మిత్రుడు మోకాళ్ల కోసమని ఐటీఎఫ్ పెట్టి, మధ్యలో చెవిలో హోరు గురించి చిన్న క్లెయిమ్ వేశాడు. ఐటీఎఫ్ దానికే ఖర్చయిపోయింది, మోకాళ్లకి పాత తేదీ రాలేదు. అన్నీ ఒకే క్లెయిమ్‌లో పెట్టండి.

మెడిక్_సుధ

డబ్బు తీసుకుని "మేం చూసుకుంటాం" అనే కంపెనీలతో జాగ్రత్త. వీఏ గుర్తింపు ఉన్న వెటరన్ సర్వీస్ సంస్థలు ఉచితంగానే చేస్తాయి. లాయరు కావాలంటే గుర్తింపు ఉన్నవాళ్లనే పెట్టుకోండి, వాళ్లు కూడా మొదటి నిర్ణయం వచ్చాకే ఫీజు తీసుకోవాలి. ఫైల్లో ఏముందో తెలియకపోతే ఫారం 20-10206తో సీ-ఫైల్ (వీఏ దగ్గరున్న మీ క్లెయిమ్ ఫైల్) తెప్పించుకోండి.

శ్రావణి_కిల్లీన్ · 2025 ఏప్రిల్ 17

ఆలస్యంగా రాస్తున్నాను, కానీ మంచి వార్త. నవంబర్‌లోనే హెచ్ఎల్ఆర్ వేశాం. వెటరన్లకి సాయపడే కౌంటీ సర్వీస్ ఆఫీసర్ పక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడించారు. వాసు గారు చెప్పినట్టు ఆ రెండు విషయాలే చెప్పాం. అవతలావిడ ఫైల్ తెరిచి, "ఐటీఎఫ్ ఉంది, క్లెయిమ్ గడువులోనే ఉంది" అని అక్కడికక్కడే చదివి వినిపించారు. కొత్త లెటర్‌లో ఎఫెక్టివ్ డేట్ 2023 జూన్ 12. బకాయి బ్యాంకులో పడింది.

మరి మే నోట్ ఉంది కదా. దానితో తేదీ ఇంకో నెల వెనక్కి వెళ్లొచ్చు. ఒక్క నెల తేడా కోసం సప్లిమెంటల్ వేయాలా అని మావారు అంటున్నారు.

రిటైర్డ్_సార్జెంట్

వేయండమ్మా. మే 9కి తేదీ వస్తే చెల్లింపు జూన్ ఒకటి నుంచి, 2023 రేటులో ఐదొందల పైచిలుకు డాలర్లు. ఫారం నింపడమే, కాగితం చేతిలోనే ఉంది. ఆయన ఆ నెల కూడా నొప్పితోనే ఉన్నారు కదా.

శ్రావణి_కిల్లీన్

సరే బాబాయ్ గారూ. సోమవారం పంపిస్తున్నాం, నా స్టేట్‌మెంట్ కూడా జతచేసి.