అద్దంలా మెరిస్తే ప్రూఫ్ అయిపోతుందా? (1969 గాంధీ 10 రూపాయల నాణెం)

పాతూరు, అనంతపురం
గాంధీ శతజయంతికి 1969లో వచ్చిన వెండి 10 రూపాయల నాణెం పోయిన వారం ఒక అంగడిలో కొన్నాను. ప్రూఫ్ అని, అంటే సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టిన నాణెం అని చెప్పి మామూలు దానికి మూడింతలు తీసుకున్నారు. మెరుపు చూస్తే ముఖం కనబడుతుంది. మా చిన్నాయన కొడుకేమో “ఇది మామూలుదే, ఎవరో మెరుగు పెట్టించినారు” అంటున్నాడు. ఇంత మెరిసేది ప్రూఫ్ కాకుండా ఎట్లా పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

వెండిరూపాయి, కడప
అన్నా, 1869–1948 అని ఉంటుంది కదా, దాని కింద ఏముందో చూడు. బొంబాయి మింటు (నాణేలు కొట్టే టంకశాల) ప్రూఫ్ అయితే ‘బీ’ అక్షరం ఉండాలి. చిన్న డైమండ్ గుర్తు ఉంటే అదే మింటులో కొట్టిన మామూలు నాణెం. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. 1990ల నడిమి తర్వాతి ప్రూఫ్‌లకు ‘బీ’ పోయి ‘ఎమ్’ వచ్చింది. ఒక్క చూపుతో తేలిపోయే దానికి ఇంత చర్చ అక్కర్లేదు.

బురుజు పక్క, కర్నూలు
తమ్ముడూ, ఈ నాణేనికి నీ మాట సరిపోతుంది. అన్నిటికీ అదే సూత్రం పెట్టుకుంటే దెబ్బ తింటారు. 1950 ప్రూఫ్ సెట్లో ‘బీ’ వెతికితే దొరకదు. బ్రిటిష్ కాలం నాణేలైతే ఇంకా చిక్కు. సేకరించేవాళ్ల కోసం మన మింట్లే పాత డైలతో (నాణెం మీద బొమ్మ వేసే ఉక్కు అచ్చులతో) మళ్లీ కొట్టి ఇచ్చిన రీస్ట్రైకులు బోలెడు తిరుగుతున్నాయి. అక్కడ అక్షరం ఏం చెబుతుంది? నాణెం ఎట్లా తయారైందో నాణెం మీదే చదువుకోవాల.

ప్రూఫ్‌కు డైని నున్నగా మెరుగు పెడతారు, బ్లాంకును, అంటే ఇంకా బొమ్మ పడని లోహపు బిళ్లను కూడా. ఎక్కువ ఒత్తిడితో రెండు దెబ్బలో, ఇంకా ఎక్కువో కొడతారు. లోహం డైలోని ప్రతి మూలకూ ఎక్కుతుంది కాబట్టి అంచు పలక కోసినట్టు నిక్కచ్చిగా నిలబడుతుంది, అక్షరాల గోడలు నిట్టనిలువుగా లేస్తాయి. చెలామణి నాణేనికి ఒక్కటే దెబ్బ, అదీ వేగంగా. లోహం నడిమి నుంచి అంచుకు పారిన సన్న గీతలు దాని మీద మిగులుతాయి. అందుకే కొత్త మామూలు నాణేన్ని బల్బు కింద వంచి తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల మాదిరి గిర్రున తిరుగుతుంది. ప్రూఫ్ మీద ఆ ఆకులు తిరగవు. బొమ్మ, అక్షరాల చుట్టూ ఉండే చదును నేల నల్లగా, నీళ్ల లోతు మాదిరి కనబడుతుంది.

ఇంక మెరుగు పెట్టిన నాణెం సంగతి. మా అవ్వ ఇచ్చిన వెండి రూపాయిని చిన్నప్పుడు విభూతి పెట్టి గుడ్డతో తోమి పాడు చేసినాను, ఇప్పటికీ బాధే. దాన్ని పదింతలు పెద్దగా చూపే లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూస్తే తోమిన గీతలు అక్షరం పాదం దాకా వచ్చి ఆగిపోయినాయి. గుడ్డ ఆ మూలలోకి పోలేదు. అక్కడ పాత మసక అట్లే ఉంది. అసలు ప్రూఫ్‌లో అద్దం అక్షరం మూల లోపలికి కూడా పోతుంది. అనంతపురం అన్నా, నువ్వు చూడాల్సిన చోటు అదే.

తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం ఎట్లా వంగి వెతుకుతారో మన జిల్లాలో అందరికీ తెలుసు. ఎండకు తళుక్కుమన్న రాయినల్లా ఏరుకుంటారు. బేరం మాత్రం ఆ తళుకును బట్టి జరగదు.

పాత నాణేల అంగడి, గుత్తి
అంతా ఒప్పుకుంటా. కానీ ప్రూఫ్ నాణెం పెట్టె లోంచి బయటపడి, జేబుల్లో తిరిగి, అద్దమంతా గీతలు పడితే? నా కాడికి అట్లాంటివి వస్తాయి. కొనేవాడు అద్దం కోసం డబ్బులిస్తాడు. అద్దం పోయినాక దాన్ని ప్రూఫ్ అని అమ్మడం మోసమే అంటాను.

బురుజు పక్క, కర్నూలు
ఇక్కడ నేను ఒప్పుకోను సామీ. ప్రూఫ్ అనేది తయారీ పేరు, నాణెం ఎంత బాగుందో చెప్పే గ్రేడు కాదు. గ్రేడింగ్ చేసేవాళ్లు కూడా దెబ్బతిన్న ప్రూఫ్‌కు అంకె తగ్గిస్తారే గానీ ప్రూఫ్ అన్న మాట తీసేయరు. మీ మాటనే తిరగేసి చూడండి. కొత్త డైతో పడిన మొదటి మామూలు నాణేలు కొన్ని అద్దంలానే ఉంటాయి. మెరుపే కొలత అయితే వాటిని ప్రూఫ్ అనాల్సి వస్తుంది. ధర తగ్గించుకోండి, గీతలున్నాయని నోటితో చెప్పి అమ్మండి. పుట్టుక మాత్రం మార్చొద్దు.

పాతూరు, అనంతపురం
బంగారు పని చేసే మామ దగ్గర లూప్ తెచ్చి చూసినా. అంకెల కింద డైమండే ఉంది. ‘గాంధీ’ అక్షరాల మూలల్లో బూడిద రంగు మసక ఉంది, గీతలన్నీ ఒకే వాటంలో వచ్చి అక్కడ ఆగినాయి. అంచు కూడా వేలికి గుండ్రంగానే తగులుతోంది. మా తమ్ముడి మాటే నిజం. 15 గ్రాములు, 80 శాతం వెండి కాబట్టి వెండి విలువైనా మిగిలింది. రేపు అంగడికి పోతా.

పాత నాణేల అంగడి, గుత్తి
బిల్లు మీద ప్రూఫ్ అని రాసినారా?

పాతూరు, అనంతపురం
లేదు. ‘వెండి నాణెం 1’ అని, ధర అని, అంతే.

పాత నాణేల అంగడి, గుత్తి
అయినా పో. లూప్ తీసుకుపోయి ఆ మూలను వాళ్ల కళ్లతోనే చూపించు. కోపంగా మొదలుపెట్టొద్దు, వాళ్లకూ ఎవరో అట్లే అంటగట్టి ఉండొచ్చు. కర్నూలు అన్నకు ఒక మాట: పేరు మీరన్నట్టే పెట్టుకుందాం, గీతలు పడిన దానికి ప్రూఫ్ ధర మాత్రం నేనియ్యను.