ఏ-లెవెల్స్ మళ్ళీ రాయించాలా? ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మాకు సలహా కావాలి

ప్రశ్న (రీడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. 2023 ఆగస్టులో స్కిల్డ్ వర్కర్ వీసా మీద విజయవాడ నుంచి వచ్చాం. బాబు అక్కడ ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివి, ఇక్కడ ఇయర్ 12లో, అంటే మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్ రెండేళ్ళ చదువులో మొదటి ఏడాదిలో, చేరాడు. సీటు దొరికేసరికే దసరా దాటిపోయింది. మొన్న గురువారం రిజల్ట్స్ వచ్చాయి: మ్యాథ్స్ బి, ఫిజిక్స్ బి, కెమిస్ట్రీ సి. మెకానికల్‌కి ఏఏబీ అడిగిన చోటా పోయింది, ఏబీబీ అడిగిన చోటా పోయింది. క్లియరింగ్‌లో (మిగిలిన సీట్లు నింపే పద్ధతి) ఒక సీటు ఉందంటున్నారు కానీ వాడికి ఆ కోర్సు ఇష్టం లేదు. ఒక ఏడాది ఆగి మళ్ళీ రాస్తే అప్పటికి మూడేళ్ళు నిండుతాయి, హోమ్ ఫీజు (ఇక్కడివాళ్ళు కట్టే తక్కువ ఫీజు) కూడా వస్తుంది అని మావారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు (లెస్టర్ నుంచి)

నమస్కారమండీ. ముందు ఫీజు సంగతి తేల్చుకుందాం. మీ నిర్ణయం దాన్ని నమ్ముకుని తీసుకుంటే తర్వాత చాలా బాధపడతారు.

మూడేళ్ళుంటే హోమ్ ఫీజు అన్నది సగం మాటే. మీలాంటి వీసా మీద వచ్చినవాళ్ళకి మామూలుగా రెండూ కావాలి: మూడేళ్ళ నివాసం, దాంతోపాటు ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. సెప్టెంబర్ కోర్సులకైతే ఆ ఏడాది సెప్టెంబర్ 1 నాటికి ఐఎల్ఆర్ చేతిలో ఉండాలి. దానికి కావాల్సిన ఐదేళ్ళు మీకు నిండేదే 2028 ఆగస్టులో. ఆ ఐదేళ్ళని పదేళ్ళు చెయ్యాలని ప్రభుత్వం 2025 మేలో ప్రతిపాదించింది కూడా. కోర్సు మధ్యలో ఐఎల్ఆర్ వచ్చినా మామూలుగా ఫీజు మారదు. అంటే బాబు 2025లో చేరినా, 2026లో చేరినా ఓవర్సీస్ ఫీజే (బయటి దేశాలవాళ్ళు కట్టేది). 2025-26లో హోమ్ ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు. ఇంజనీరింగ్‌కి ఓవర్సీస్ ఫీజు ఏడాదికి 25 వేలు దాటడం మామూలే. అంత డబ్బు కట్టేటప్పుడు ఇష్టం లేని కోర్సులో చేర్చడం నాకైతే ససేమిరా నచ్చదు.

మీవారు విన్న మూడేళ్ళ మాట అబద్ధమేమీ కాదు. అది డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కి (కంపెనీలో పని చేస్తూ డిగ్రీ చదవడం) పనికొస్తుంది. పని చేసుకునే హక్కున్న వీసాతో, మొదలుపెట్టే రోజుకి ఇంగ్లండ్‌లోనో యూకేలో మరో చోటో మూడేళ్ళుగా ఉంటే, ఐఎల్ఆర్ లేకపోయినా దానికి ప్రభుత్వ నిధులు వర్తిస్తాయి. డిపెండెంట్ వీసాకి పని హక్కు ఉంటుంది. చదువు ఫీజు మనం కట్టక్కర్లేదు, పైగా జీతం. మీకు 2026 ఆగస్టుకి మూడేళ్ళు నిండుతాయి కాబట్టి సెప్టెంబర్‌లో మొదలయ్యేవాటికి సరిపోతుంది. కోర్సు అయ్యేదాకా వీసా ఉండాలని కంపెనీలు పట్టుబట్టొచ్చు, అది ముందే అడగండి. పోటీ విపరీతం. ఒక్కో కంపెనీ ఒక్కో తేదీకి అప్లికేషన్లు తీసుకుంటుంది, చాలావరకు శరదృతువులోనే మొదలవుతాయి. అందుకని మార్కుల పని ఒకవైపు, ఈ పని ఒకవైపు.

ఇక మళ్ళీ రాయాలా వద్దా. ఈ ప్రశ్నకి గ్రేడ్ చూసి జవాబు చెప్పలేం, మార్కులు చూడాలి. ఏ పేపర్లో ఎన్ని వచ్చాయో స్కూల్లో ఎగ్జామ్స్ ఆఫీసర్‌ని అడగండి. మ్యాథ్స్‌లో మూడు పేపర్లు కలిపి 300 మార్కులైతే, ‘ఏ’ గ్రేడుకి నాలుగైదు మార్కులు తగ్గినవాడి సంగతి వేరు, ముప్ఫై తగ్గినవాడి సంగతి వేరు. కొద్దిలో పోతే ముందు స్క్రిప్ట్ కాపీ తెప్పించుకుని, సబ్జెక్ట్ టీచర్‌కి చూపించి, తర్వాత రివ్యూ (దిద్దింది మళ్ళీ చూడమనడం) పెట్టండి. సీటు దాని మీద ఆధారపడి ఉంటే ప్రయారిటీ రివ్యూ ఉంటుంది, దానికి గడువు రిజల్ట్స్ వచ్చిన వారం రోజులే. ఈ పని రేపే జరగాలి. రివ్యూలో గ్రేడ్ తగ్గే అవకాశమూ ఉంది కాబట్టి బాబు ఒప్పుకోలు తప్పనిసరి. ఏబీబీ అడిగిన యూనివర్సిటీకి కూడా ఫోన్ చేసి, రివ్యూ పెట్టాం, సీటు ఆపగలరా అని అడగండి. ఫోన్ బాబే చెయ్యాలి, మనతో మాట్లాడరు.

స్క్రిప్ట్ వచ్చాక మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. ఇంటర్ నుంచి వచ్చిన మన పిల్లల పేపర్లలో నేను పదే పదే చూసేది ఒకటుంది. ఇంటిగ్రేషన్ వాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. జవాబు రైటే, స్టెప్పులుండవు. ఎంసెట్ బిట్లకి అలవాటుపడ్డ చేయి నాలుగు లైన్లని ఒక లైన్లో తేల్చేస్తుంది. ఇక్కడ పద్ధతికి విడిగా మార్కులు. ‘ఫలానా వస్తుందని చూపించు’ అన్న ప్రశ్నలో జవాబు వాళ్ళే ఇచ్చేస్తారు, మార్కులన్నీ మధ్యలో ఉన్న లైన్లకే. కాల్క్యులేటర్ మీద ఆధారపడ్డ జవాబు చెల్లదని కొన్ని ప్రశ్నల్లోనే రాసి ఉంటుంది. స్టాటిస్టిక్స్‌లో హైపోథిసిస్ టెస్టింగ్ మన ఇంటర్‌లో లేదు, మీవాడు ఆలస్యంగా చేరాడు కాబట్టి అది సరిగ్గా కుదిరి ఉండదు. నష్టం ఇలాంటి చోట్ల జరిగితే ఏడాదిలో బి నుంచి ఏకి రావడం సాధ్యమే, నేను ధైర్యంగా చెబుతాను. అలా కాకుండా రెండేళ్ళూ రాత్రింబవళ్ళు చదివి, అన్ని పేపర్లలోనూ సమానంగా తగ్గితే, అదే చదువు మూడో ఏడాదీ చదివించడం వల్ల ఒరిగేది తక్కువ. అప్పుడు ఫౌండేషన్ ఇయర్ (డిగ్రీకి ముందు ఒక ఏడాది పునాది చదువు) ఉన్న ఇంజనీరింగ్ కోర్సులు చూడండి.

రాయిస్తే మూడూ అక్కర్లేదు. ఏబీబీ చాలనుకుంటే ఫిజిక్స్ బి అలాగే ఉంచి, మ్యాథ్స్, కెమిస్ట్రీ రాస్తే చాలు. ఎంచుకున్న సబ్జెక్టులో మాత్రం పేపర్లన్నీ మళ్ళీ రాయాలి, ఒక్క పేపర్ రాసే వీలు లేదు. జనవరి పరీక్షలు లేవు, మే-జూన్ వరకు ఆగాల్సిందే. కెమిస్ట్రీ ప్రాక్టికల్ పాస్ అలాగే ఉంటుంది. పాత గ్రేడ్ ఎక్కడికీ పోదు, కానీ యూకాస్ ఫారంలో (యూనివర్సిటీలకి పెట్టే ఉమ్మడి దరఖాస్తు) రెండూ చూపించాలి. గ్రేడ్లన్నీ ఒకే ఏడాదివి కావాలనే యూనివర్సిటీలు కొన్నున్నాయి, వాటికి ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఒక్కమాట, అమ్మలా చెబుతున్నాను. మన దగ్గర లాంగ్‌టర్మ్ అంటే హాస్టల్‌లో తనలాంటి వందమంది పక్కనుంటారు. ఇక్కడ సెప్టెంబర్ చివరికల్లా వాడి స్నేహితులంతా వెళ్ళిపోతారు, వీడొక్కడే ఇంట్లో. మా అమ్మాయి కెమిస్ట్రీ మళ్ళీ రాసిన ఏడాది చదువు కన్నా ఆ ఒంటరితనమే కష్టమైంది. వారంలో కొన్ని రోజులు షాపులో పని పెట్టుకున్నాక మనిషి కుదుటపడింది. ఇయర్ 14 (మళ్ళీ రాసేవాళ్ళకి అదనపు ఏడాది) పేరుతో ఏ కాలేజీ అయినా చేర్చుకుంటే ఇంట్లో చదవడం కన్నా అదే మేలు. అన్నిటికన్నా ముందు, మళ్ళీ రాస్తానని బాబే అనాలి.

ప్రశ్న (రీడింగ్ నుంచి)

చాలా థాంక్సండీ, ఫీజు సంగతి అస్సలు తెలియదు. రేపే స్కూల్‌కి వెళ్తాం. విజయవాడ వెళ్ళి ఇంటర్ సెకండియర్ కట్టి రాస్తే సులువు కదా అని మా అన్నయ్య అంటున్నాడు, ఇక్కడివాళ్ళు దాన్ని తీసుకుంటారా?

జవాబు (లెస్టర్ నుంచి)

తీసుకునే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయండీ. కానీ సీబీఎస్ఈ కన్నా స్టేట్ బోర్డుకి ఎక్కువ శాతం అడగడం మామూలు. పైగా చేతిలో ఏ-లెవెల్స్ ఉన్న పిల్లవాడు వాటిని దాచలేడు. అన్నిటికీ మించి, అక్కడికెళ్ళి ఉంటే ఇక్కడి నివాసం లెక్కలో చిక్కొస్తుంది, అప్రెంటిస్‌షిప్ దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. నేనైతే పంపను. స్కూల్ మళ్ళీ రాయనివ్వకపోతే ప్రైవేట్ క్యాండిడేట్‌గా కట్టొచ్చు, సబ్జెక్టుకి వందల్లో పౌండ్లవుతాయి. వేసవి పరీక్షలకి పేర్లు ఫిబ్రవరిలోనే ఇవ్వాలి, సెంటర్లు అంతకు ముందే నిండిపోతాయి, కాబట్టి క్రిస్మస్ లోపల సీటు ఖాయం చేసుకోండి.