శ్రీలంకలో చనిపోయిన మా చిన్నాయన పేరు ఊళ్లో పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

దేవరకొండ పిల్లగాడు:
మా చిన్నాయన 1987లో శాంతి సేనతో (అక్కడి అంతర్యుద్ధం ఆపడానికని మన దేశం పంపిన సైన్యం) శ్రీలంక పోయి జాఫ్నా దగ్గర పోరులో చనిపోయాడు, అప్పటికి పెళ్లి కూడా కాలేదు. టెలిగ్రామ్ వస్తే బడి సారు దగ్గరికి పట్టుకుపోయారట, ఆయన చదువుకుని చాలాసేపు నోరు విప్పలేదట. అక్కడే దహనం చేసి అస్థికలు పంపారు కాబట్టి ఊళ్లో సమాధి అంటూ లేదు. ఇప్పుడు ఒక శిలాఫలకం పెడదామంటే ట్రంకు పెట్టెలోని కాగితాల మీద ఆర్మీ నంబరు కనిపిస్తోంది గానీ యూనిట్ పేరు చెరిగిపోయింది, చనిపోయిన తేదీ నాన్న ఒకటి చెప్తాడు, మేనత్త ఇంకొకటి. కొందరేమో చౌరస్తాలో విగ్రహమే పెట్టాలంటున్నారు. మధ్యలో ఫొటో గొడవ. యూనిఫాం ఫొటో నాయనమ్మ ససేమిరా అంటోంది, సెలవుకొచ్చినప్పుడు స్టూడియోలో పెద్ద కాలర్ చొక్కాతో దిగిందే కావాలట, "ఇండ్ల నా కొడుకు నవ్వుతుండు" అంటుంది.

పాలమూరు మాజీ హవల్దార్:
నంబరు ఉంటే సగం పని అయినట్టే తమ్మీ. నాయనమ్మకు పెన్షన్ వస్తుంటే ముందు పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కాగితం తీసి చూడు, ఆయన సర్వీసు వివరాలుండే రికార్డ్స్ ఆఫీసు ఏదో అందులోనే తెలుస్తుంది. లేకపోతే నల్గొండ సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వు. రికార్డ్స్ ఆఫీసు మద్రాస్ రెజిమెంట్ అయితే తమిళనాడులోని వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజినీర్లయితే బెంగళూరు, ఈఎంఈ (ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) అయితే మన సికింద్రాబాదే. తేదీ వాళ్లు రాతపూర్వకంగా ఇచ్చిందే చెక్కించు, ఇంట్లో పంచాయితీ ఉండదు. ఢిల్లీలో 2019లో కట్టిన నేషనల్ వార్ మెమోరియల్‌లో శాంతి సేన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి, వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. మనోళ్ల పేర్ల స్పెల్లింగ్ రకరకాలుగా కొట్టి ఉంటారు, ఇంటిపేరు తీసేసి కూడా చూడు.

ఊరి చివర:
తప్పుగా అనుకోకండి, పక్క దేశం గొడవలో మనోళ్లను బలి పెట్టారని మా నాన్న ఇప్పటికీ తిడతాడు. ఫలకం మీద ఏమని రాస్తారు మరి?

పాలమూరు మాజీ హవల్దార్:
మీ నాన్న కోపం నాకూ ఉంది. 1987 జూలైలో ఒప్పందం చేసుకున్నది ఢిల్లీ, కొలంబో, పోయింది సిపాయిలు. 1990 మార్చిలో ఆఖరి వాళ్లు వెనక్కి వచ్చేసరికి సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్ల పేర్లతో కొలంబో పక్కన కొట్టేలో శ్రీలంక వాళ్లే స్మారకం కట్టారు, మన పల్లెల్లో మాత్రం ఆ పేర్లు ఇంటివాళ్లకు తప్ప తెలియవు. పెద్ద పెద్ద మాటలేం వద్దు. పేరు, నంబరు, యూనిట్, జాఫ్నా, తేదీ, అమ్మానాన్నల పేర్లు, అంతే.

నల్గొండ వకీలు:
విగ్రహం సంగతి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సూర్యాపేటలో, గల్వాన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహం లేదా అని మీ వాళ్లు అడుగుతారు, దాన్ని ఆవిష్కరించింది మంత్రి, మీ దగ్గర రేపు ఎవడో ఒకడు ఫిర్యాదు చేస్తే తిరగాల్సింది మీరు. పంచాయతీ ఆవరణలో ఫలకమే మేలు, గ్రామసభలో తీర్మానం చేయించి కాపీ దగ్గర పెట్టుకోండి. ఫొటో మాత్రం నాయనమ్మ చెప్పిందే పెట్టండి, ఇందులో చర్చేంది? రాయి నల్ల గ్రానైట్ తీసుకోండి, పెయింట్ రాతలు రెండు వానాకాలాలకే పోతాయి, లోతుగా చెక్కించండి. అక్షరానికి ఇంత అని లెక్క కడతారు, రేటు ముందే మాట్లాడుకోండి.