లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్ 3 విన్నవాళ్లు చెప్పండి, మీకెలా ఉంది?

ప్రశ్న:
1999లో రెండో ఆల్బమ్ తర్వాత ఇన్నేళ్లకి పెట్రూచీ (గిటార్), పోర్ట్‌నాయ్ (డ్రమ్స్), రూడెస్ (కీబోర్డ్), టోనీ లెవిన్ (బేస్) కలిసి ఈ బ్యాండ్ పేరుతో మళ్లీ పాటల్లేని, వాయిద్యాల ఆల్బమ్ చేశారంటే ఆగలేం కదా, రిలీజ్ కాగానే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. ‘హైపర్‌సోనిక్’ మొదలవగానే దుమ్ము లేపేశారు, గిటార్, కీబోర్డ్ ఒకే లైన్‌ని అంత వేగంలో ఒక్క నోటు కూడా తప్పకుండా వాయిస్తుంటే నోరెళ్లబెట్టి విన్నా. కానీ ఆ ఎనిమిది నిమిషాలూ అయిపోయాక హమ్ చేద్దామంటే ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. రెండో ఆల్బమ్‌లో ‘యాసిడ్ రెయిన్’ అలా కాదు, దాని రిఫ్, అదే మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్క, ఇప్పటికీ నిద్రలో అడిగినా పాడతా. నాకే ఇలా అనిపిస్తోందా? ఇంకోటి, జామ్‌లతో (ముందే రాసుకోకుండా వాయించినవి) బోనస్ డిస్క్ ఉన్న ఎడిషన్‌కి డబ్బులు పెట్టొచ్చా?

జవాబు 1:
మీకే కాదు, నాకూ అంతే. కాకపోతే అది ఆల్బమ్ మొత్తానికీ వర్తించదు బ్రో. ‘షేడ్స్ ఆఫ్ హోప్’ పెట్టండి, అందులో పెట్రూచీ, రూడెస్ ఇద్దరే. పియానో నెమ్మదిగా నడుస్తుంటే గిటార్ ఒక్కో నోటునీ సాగదీసి, ఇక ఆగిపోతుందేమో అనుకున్నాక వదులుతుంది. స్పీడు చూపించే అవసరం లేనప్పుడే పెట్రూచీ చెయ్యి ఎంత బాగుంటుందో తెలుస్తుంది. తర్వాత ఆపకుండా ‘కీ టు ద ఇమాజినేషన్’ వినండి, 13 నిమిషాలు దాటినా నాకైతే బోర్ కొట్టలేదు.

జవాబు 2:
అందరూ గిటార్, కీబోర్డ్ గురించే మాట్లాడతారు, లెవిన్‌ని ఎవరూ పట్టించుకోరు! కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌లో, గాయకుడు పీటర్ గేబ్రియల్ దగ్గర వాయించిన మనిషి, ఎక్కడ వాయించకూడదో తెలిసిన మనిషి. ఆయన స్టిక్ (గిటార్ లాంటి తీగల వాయిద్యం) వాయిస్తుంటే గమనించండి, మీటడం ఉండదు, రెండు చేతుల వేళ్లతో తీగల మీద తట్టడమే, అందుకే ఆ బేస్ కొంచెం గుండ్రంగా, కొంచెం పియానోలా వినిపిస్తుంది. మంచి స్పీకర్లు లేకపోతే ఇదంతా కొట్టుకుపోతుంది. ‘క్రిస్ అండ్ కెవిన్స్ అమేజింగ్ ఒడిస్సీ’లో ఆయనా పోర్ట్‌నాయే, ఐదు నిమిషాల అల్లరి. మొదటి ఆల్బమ్ రోజుల్లో ఒక ఫొటోగ్రాఫర్ వీళ్లిద్దరినీ క్రిస్, కెవిన్ అని తప్పు పేర్లతో పిలిచాడట, ఆ జోకు ఇంకా నడుస్తోంది.

జవాబు 3:
నాకు ఎక్కనిది ఒక్కటే, ‘రాప్సోడీ ఇన్ బ్లూ’. అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1924లో రాసింది, వీళ్లు 2008లో కచేరీల్లో వాయించారు. స్టేజీ మీద అయితే సరదానే, చప్పట్లు కొట్టి వచ్చేస్తాం, స్టూడియోలో 13 నిమిషాలు ఎందుకు చెప్పండి? ఆ జాగాలో సొంత ట్యూన్ ఇంకొకటి ఉండాల్సింది.

బోనస్ డిస్క్ సంగతికొస్తే, అవన్నీ అప్పటికప్పుడు వాయించిన జామ్‌లు. వీళ్ల మొదటి ఆల్బమ్ (1998) చివర్లో అరగంట దాకా సాగే ‘త్రీ మినిట్ వార్నింగ్’ మీకు నచ్చితే కళ్లు మూసుకుని కొనండి. ఓపిక లేనివాళ్లు ఎనిమిదో ట్రాక్ దగ్గర స్టాప్ నొక్కేయమని అప్పట్లో వాళ్లే హెచ్చరిక రాశారు, గుర్తుందా? అక్కడ నొక్కేసే రకమైతే మామూలు ఎడిషన్ చాలు.

జవాబు 2:
‘రాప్సోడీ’ని ఏమీ అనకండి సార్, ఆల్బమ్‌లో వాళ్లు నవ్వుతూ వాయించినట్టు అనిపించేది అదే.

ప్రశ్న అడిగినవారు:
‘షేడ్స్ ఆఫ్ హోప్’ విన్నా, థాంక్స్, అది మనసుకి పట్టింది. లెవిన్ కోసం స్పీకర్ల మీద వింటున్నా, ‘ద ప్యాసేజ్ ఆఫ్ టైమ్’లో బేస్ ఇప్పుడు బాగా తెలుస్తోంది. ‘హైపర్‌సోనిక్’ మీద నా మాట మాత్రం మారలేదు. నేను ‘త్రీ మినిట్ వార్నింగ్’ చివరిదాకా వినే బాపతే కాబట్టి రెండు డిస్కులదే ఆర్డర్ పెడుతున్నా.