వెయ్యి సీసీ బైక్ ఇంజన్ ఉండగా చిన్న విమానానికి వేరే ఇంజన్ ఎందుకు?

మధురవాడ మెకానికల్:

నమస్కారం. విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇద్దరు కూర్చునే తేలికపాటి విమానానికి పిస్టన్ ఇంజన్ ఎంచుకుని, ఆ ఎంపికకు కారణాలను లెక్కలతో చూపడం మా జట్టు ప్రాజెక్టు. అయితే ఒక చోట ఆగిపోయాం. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్ 1352 సీసీతో 100 హార్స్‌పవర్ ఇస్తుంది. సెస్నా 150 అనే రెండు సీట్ల విమానంలో వాడిన పాత కాంటినెంటల్ ఓ-200 ఇంజన్ అదే 100 హార్స్‌పవర్ కోసం 3.3 లీటర్లు తీసుకుంటుంది. వెయ్యి సీసీ స్పోర్ట్స్ బైక్ ఇంజన్ మాత్రం 150 దాటి ఇస్తుంది, బరువులోనూ రోటాక్స్‌కు పెద్ద తేడా లేదు. మరి ఆ బైక్ ఇంజన్‌నే విమానానికి బిగిస్తే వచ్చే ఇబ్బంది ఏమిటి? ఇక్కడి బంకుల్లో దొరికే పెట్రోలు ఈ విమాన ఇంజన్లకు పనికొస్తుందా? అనుభవం ఉన్న పెద్దలు వివరంగా చెప్పగలరు.

పాత హ్యాంగర్:

బాబూ, నేను నౌకాదళంలో విమానాల మరమ్మతు చేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి ప్రశ్నకు జవాబు ప్రొపెల్లర్ దగ్గర మొదలుపెట్టి ఇంజన్ వైపు వస్తే తేలిగ్గా దొరుకుతుంది. 1.7 మీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్‌ను 5500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద నేరుగా తిప్పితే దాని కొస సెకనుకు 490 మీటర్ల వేగంతో పోతుంది. మన ఊరి ఎండాకాలపు గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లే. కొస ధ్వని వేగానికి దగ్గరయ్యేసరికే మోత పెరిగి, ఇంజన్ ఇచ్చే శక్తిలో విమానాన్ని ముందుకు లాగడానికి ఉపయోగపడే భాగం పడిపోతుంది. అందుకే రోటాక్స్‌లో 2.43 నిష్పత్తి గల గేర్‌బాక్స్ పెట్టి ప్రొపెల్లర్‌ను సుమారు 2260 ఆర్‌పీఎంకు దించారు. కొస వేగం అప్పుడు 200 మీటర్ల దగ్గర ఉంటుంది. ఓ-200కు గేర్‌బాక్స్ అక్కర్లేదు, 2750 ఆర్‌పీఎం వద్దే దాని పూర్తి శక్తి వస్తుంది. కానీ అంత నిదానంగా తిరుగుతూ 100 హార్స్‌పవర్ ఇవ్వాలంటే ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలి పీల్చాలి, అంటే సిలిండర్లు పెద్దవి కావాలి. అందువల్ల ఒట్టి ఇంజనే 75 కిలోలు దాటుతుంది, రోటాక్స్ 60 కిలోల లోపే ఉంటుంది. అయితే రోటాక్స్‌కు రేడియేటర్, కూలెంట్, విడిగా ఉండే ఆయిల్ ట్యాంకు కూడా మోయాలి కాబట్టి, మీ నివేదికలో ఒట్టి ఇంజన్ల బరువులను పక్కపక్కన పెట్టి ఊరుకోవద్దు.

ఇక బైక్ సంగతి. మీరు లెక్కించవలసింది పిస్టన్ సగటు వేగం. రోటాక్స్ స్ట్రోక్, అంటే సిలిండర్‌లో పిస్టన్ ఒక కొస నుంచి మరో కొసకు కదిలే దూరం, 61 మిల్లీమీటర్లు. 5800 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 11.8 మీటర్లు వస్తుంది. ఓ-200కు అది దాదాపు 9 మీటర్లు. 55 మిల్లీమీటర్ల స్ట్రోక్‌తో 13,000 ఆర్‌పీఎంలో శక్తినిచ్చే బైక్ ఇంజన్‌కు 24 మీటర్ల దగ్గర వస్తుంది. రోటాక్స్ చాలా వేగంగా తిరుగుతుందని అందరూ అంటారు కానీ, పిస్టన్ పడే శ్రమ చూస్తే అది బైక్ కన్నా పాత ఓ-200కే దగ్గరి చుట్టం. రోడ్డు మీద బైక్ పూర్తి శక్తితో నడిచేది కొన్ని క్షణాలే. విమానం పూర్తి శక్తితో పైకి లేచి, ఆ తర్వాత కూడా గంటల తరబడి 75 శాతం దగ్గర నడుస్తుంది. 912 యూఎల్‌ఎస్‌కు 5800 వద్ద 5 నిమిషాలు, 5500 వద్ద ఎంతసేపైనా నడిపే అనుమతి ఉంది. పూర్తిగా విప్పి సరిచేసే గడువు 2000 గంటలు. పైగా ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు ఇగ్నిషన్ వ్యవస్థలు ఉంటాయి. ఒకటి ఆగిపోయినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. రోడ్డు పక్కన ఆపుకునే వీలున్న బండికి ఆ అవసరం లేదు.

తేలికరెక్క:

తమ్ముడూ, పెద్దాయన చెప్పిన దానికి నడిపేవాళ్ల వైపు నుంచి కొంత కలుపుతాను. ఆ గేర్‌బాక్స్ బరువు తగ్గించింది నిజమే, దానికి బదులుగా జాగ్రత్త అడుగుతుంది. నేను వేరే ఊళ్లో మైక్రోలైట్ (అతి తేలికపాటి విమానం) నడిపిన రోజుల్లో ఒక వర్క్‌షాపులో మా రోటాక్స్ ఇంజన్ ఐడిల్‌ను, అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించినప్పుడు తిరిగే వేగాన్ని, కారుకు పెట్టినట్టు 1400 ఆర్‌పీఎం కంటే కిందికి దించారు. అంత తక్కువలో ఒక్కో సిలిండర్ పేలుడుకూ ప్రొపెల్లర్ బరువు ఎదురుతన్ని గేర్ పళ్లు గడగడలాడతాయి. ఆ చప్పుడును నేను పట్టించుకోలేదు. తర్వాత విప్పి చూస్తే లోపలి క్లచ్ అంచులు అరిగి మెరుస్తున్నాయి. రెండు కార్బురేటర్లు సమానంగా తెరుచుకోకపోయినా ఇదే నష్టం.

ఆయిల్ చూసే పద్ధతి కూడా వేరు. ఇగ్నిషన్ రెండూ ఆపి ఉన్నాయని రూఢి చేసుకుని, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిక్కుకే చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోతే, ఇంజన్ అడుగున మిగిలిన ఆయిల్ ట్యాంకులోకి చేరి, చివరికి ట్యాంకు మూతి దగ్గర గుడగుడమని శబ్దం వస్తుంది. అది వినిపించాకే గేజీ పుల్ల పెట్టి చూడాలి. వెనక్కి తిప్పితే వాల్వు ట్యాపెట్లలోకి గాలి చేరుతుంది.

మన తీరంలో గాలి తేమ ఎక్కువ కనుక కార్బురేటర్‌లో మంచు పేరుకునే ప్రమాదాన్ని కూడా లెక్కలో పెట్టండి. బయట 20 డిగ్రీలు దాటి ఉన్నా, థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడు లోపల మంచు కట్టవచ్చు. 2012లో వచ్చిన రోటాక్స్ 912 ఐఎస్‌లో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండడం వల్ల ఈ బాధ లేదు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్‌ఏఎల్) వారి రెండు సీట్ల శిక్షణ విమానం హంస-ఎన్‌జీ ఆ కోవకు చెందిన ఇంజన్‌తోనే ఎగురుతోంది.

ఆటోనగర్ లేత్:

గేర్‌బాక్సే లేని తేలికపాటి ఇంజన్‌ను ఎందుకు వదిలేస్తున్నారు? ఆస్ట్రేలియా వారి జబిరు 2200 నేరుగా 3300 ఆర్‌పీఎంలో ప్రొపెల్లర్‌ను తిప్పి 80 హార్స్‌పవర్ పైనే ఇస్తుంది. రేడియేటర్ లేదు, గేర్లు లేవు. భాగాలు తగ్గితే చెడేవి కూడా తగ్గుతాయని నా నమ్మకం.

పాత హ్యాంగర్:

మీ మాటలో న్యాయం ఉంది. అయితే గాలితోనే చల్లబడే ఇంజన్‌కు కౌలింగ్ (ఇంజన్‌ను కప్పే తొడుగు) లోపల గాలిని మళ్లించే రేకులు ఎంత బాగా అమిరాయన్నదే ప్రాణం. ఆస్ట్రేలియా విమానయాన నియంత్రణ సంస్థ 2014లో జబిరు ఇంజన్లున్న విమానాలపై కొన్ని పరిమితులు పెట్టి, 2016లో చాలావరకు తొలగించింది. మన ఎండలో నేనైతే సిలిండర్ హెడ్లను నీటితో చల్లబరిచే రోటాక్స్ వైపే మొగ్గుతాను.

తేలికరెక్క:

పెట్రోలు ప్రశ్న మిగిలిపోయింది. రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిపినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఆల్కహాల్‌తో కలిసి అడుగుకు దిగుతుంది, ఇంజన్‌కు ఇంధనం పోయే గొట్టం ఉండేదీ అక్కడే. ఏవ్‌గ్యాస్ (పిస్టన్ విమానాల పెట్రోలు) వాడవచ్చు, ఇండియన్ ఆయిల్ 2022లో దేశంలోనే తయారైన 100 ఎల్‌ఎల్ రకం ఏవ్‌గ్యాస్ విడుదల చేసింది. కానీ అందులోని సీసం ఆయిల్‌లో, గేర్‌బాక్స్‌లో మడ్డిలా పేరుకుంటుంది కాబట్టి 100 గంటలకు మార్చే ఆయిల్‌ను 50 గంటలకే మార్చాలి. ఇథనాల్ ఎంతుందో మీరే చూడవచ్చు: కొలత గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, ఊపి, నిలబెట్టండి. ఇథనాల్ నీటిలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయండి.

మధురవాడ మెకానికల్:

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, ల్యాబ్ వెనక ఆవరణలో మా సార్ దగ్గరుండగా ఆ పరీక్ష చేశాం. అడుగు పొర 10 మిల్లీలీటర్ల నుంచి 27 దగ్గరికి వచ్చి నిలిచింది, అంటే 90 మిల్లీలీటర్ల పెట్రోలులో దాదాపు 17 ఇథనాలే. బైక్ ఇంజన్ ఆలోచన మానుకుని, 912 యూఎల్‌ఎస్‌ను ఏవ్‌గ్యాస్‌తో, 50 గంటల ఆయిల్ ఖర్చు కలిపి లెక్క వేస్తున్నాం. ట్యాంకు అడుగున నీరు తీసే డ్రెయిన్ కూడా డ్రాయింగులో చేర్చాం.

తేలికరెక్క:

డ్రెయిన్‌ను విమానం ఎగిరే భంగిమను బట్టి కాక, నేల మీద చక్రాలపై నిలిచినప్పుడు ట్యాంకులో ఏ మూల అన్నిటికన్నా కిందికి ఉంటుందో అక్కడ పెట్టండి. రాత్రంతా నిలిచిన నీటిని పొద్దున్నే తీయవలసింది అక్కడి నుంచే.